స్వైటెక్, స్వియాటెక్, ష్వియాంటెక్... పైకి చదవాలంటే ఏది?

తొలిసర్వ్:

అందరికీ నమస్తే. మాది గుంటూరు. వచ్చే వారం నుంచి ఒక తెలుగు ఆడియో యాప్‌లో రోజూ పొద్దున పది నిమిషాల క్రీడా వార్తలు చదవబోతున్నాను. స్క్రిప్టు కూడా నేనే రాసుకోవాలి. క్రికెట్ వరకు ఇబ్బంది లేదు, చిన్నప్పట్నుంచీ చెవుల్లో పడుతున్న పేర్లే. టెన్నిస్, ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్ దగ్గరికి వచ్చేసరికి టెన్షన్ మొదలవుతోంది.

మా ఇంట్లో రెండు పేపర్లు వేయించుకుంటాం. పోలండ్ టెన్నిస్ అమ్మాయి ఇగా ఒకదాంట్లో స్వైటెక్, ఇంకోదాంట్లో స్వియాటెక్. టీవీలో ఇంగ్లిష్ కామెంటరీ పెడితే ష్వియాంటెక్ అన్నట్టు వినిపిస్తోంది. స్పెల్లింగులో లేని ఆ 'న్' ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థం కావడం లేదు. జకోవిచ్, జొకోవిచ్, జోకోవిచ్ సంగతీ ఇంతే. జానిక్ సినరా, యానిక్ సినరా? పేపరు చదివేవాళ్లు కళ్లతో దాటేసుకుని పోతారు. నేను నోటితో అనాలి కదా, ఏదో ఒకటి తేల్చుకోవాలి.

మా నాన్న 'పేపర్లో ఎలా ఉంటే అలా చదువు, ఎవరడుగుతారు' అంటున్నారు. మా తమ్ముడు ఫుట్‌బాల్ పిచ్చోడు, 'కింద కామెంట్లలో ఉతికేస్తారక్కా' అని భయపెడుతున్నాడు. ఒక్కో పేరూ బట్టీ పట్టడం కాకుండా ఏదైనా పద్ధతి ఉంటే చెప్పండి.

పాతడెస్కు:

అమ్మా, నేను ఒక దినపత్రిక స్పోర్ట్స్ డెస్కులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని. పేపరు పేరు వద్దులే. అసలు ఈ పేర్లు పేపర్లోకి అలా ఎందుకొస్తాయో ముందు చెబుతాను, అది తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

రాత్రిపూట ఏజెన్సీ కాపీ ఇంగ్లిష్‌లో వస్తుంది. పోలిష్‌లో ఆ అమ్మాయి పేరు రాస్తే మొదటి 'ఎస్' మీద చిన్న గీత, 'ఎ' కింద చిన్న తోక ఉంటాయి. కాపీ మన దగ్గరికి చేరేసరికి గీతా ఉండదు, తోకా ఉండదు. మిగిలిన బోడి అక్షరాలను సబ్ఎడిటర్ ఇంగ్లిష్ మాట చదివినట్టు కూడబలుక్కుని 'స్వైటెక్' అని కొట్టి పేజీ వదిలేస్తాడు. ఎడిషన్ టైము మించిపోతుంటే అతను మాత్రం ఏం చేస్తాడు? మర్నాడు ఇంకో సబ్ఎడిటర్ 'నిన్న మనం ఎలా రాశాం?' అని వెతికి అదే కొడతాడు. వారం తిరిగేసరికి అది ఆ పేపరుకు శాసనం. తర్వాత ఎవరికైనా తప్పని తోచినా మార్చరు. పాఠకుడు వీళ్లిద్దరూ వేర్వేరు మనుషులనుకుంటాడని భయం.

నువ్వడిగిన 'న్' ఆ తోకలోనే ఉంది. తోక ఉన్న 'ఎ' పోలిష్‌లో అకారం కాదు, ముక్కుతో పలికే 'ఒ'. వెనక 'త' వస్తే 'ఒం' అయిపోతుంది. కాబట్టి శ్వ్యోంతెక్. మూడు ముక్కలు కాదు, రెండే: శ్వ్యోం, తెక్. మొదటి దాని మీద బరువు. గీత ఉన్న 'ఎస్' అంటే మన 'శ'. మనం రోజూ 'శ'నీ 'ష'నీ కలిపేసి మాట్లాడతాం గానీ, పోలిష్ వాళ్లు రెంటినీ విడివిడిగా పలుకుతారు, విడివిడిగా రాస్తారు. మన లిపిలో ఆ రెండూ ఉన్నాయి. ఇంగ్లిష్ లిపిలో లేవు. తేడా అక్కడుంది. పేరు మన దగ్గరికి ఇంగ్లిష్ సందులోంచి దూరి వస్తోంది, ఆ సందులో ఒళ్లంతా గీసుకుపోతోంది.

అందుకని పేరు కనపడగానే నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇది ఎవరి భాష పేరు? ఏ దేశం తరఫున ఆడుతున్నారన్నది కాదు సుమా. సినర్ ఆడేది ఇటలీకి. కానీ పుట్టి పెరిగింది ఆస్ట్రియా సరిహద్దుకు ఆనుకుని ఉన్న సౌత్ టైరోల్‌లో. అక్కడ ఇళ్లలో మాట్లాడేది జర్మన్. జర్మన్‌లో 'జె' అంటే 'య'. కాబట్టి యానిక్. దక్షిణాఫ్రికా పొడుగు బౌలర్ మార్కో పేరు ఆఫ్రికాన్స్‌ది, అక్కడా 'జె' అంటే 'య', కాబట్టి యాన్సన్. సెర్బియాలోనూ అంతే. బాస్కెట్‌బాల్‌లో నికోలా యోకిచ్ ఉన్నాడు, 2023లో డెన్వర్ నగ్గెట్స్‌ను గెలిపించినవాడు. అతన్ని జోకిచ్ అంటే తప్పు. మరి అదే సెర్బియా నుంచి వచ్చిన నొవాక్ జోకొవిచ్‌కు 'జ' ఎలా వచ్చింది? అతని పేరులో ఉన్నది 'జె' కాదు, అడ్డగీత ఉన్న 'డి'. అది సెర్బియన్‌లో ఒకే అక్షరం, అచ్చం మన 'జ'. అడ్డగీత కొట్టడం చేతకాని కీబోర్డుల కోసం దాన్ని 'డి-జె' అని రెండుగా విడగొట్టారు. వాళ్ల పలుకుబడి ప్రకారం 'జో' దీర్ఘం, 'కొ' హ్రస్వం: జోకొవిచ్. నువ్వు చెప్పిన మూడింట్లో చివరిది దగ్గర.

సెర్బియా వాళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 'మాట్లాడినట్టే రాయి, రాసినట్టే చదువు' అన్నది వాళ్ల లిపికి మూలసూత్రం. 19వ శతాబ్దంలో వుక్ కరాజిచ్ అనే పండితుడు లిపిని ఆ లెక్కన సంస్కరించాడు. పరాయి పేర్లను కూడా వాళ్లు స్పెల్లింగ్ చూసి దించరు, విని రాస్తారు. ఆండీ ముర్రేను వాళ్ల పేపర్లలో 'ఎండి మరి' అని వేస్తారు. అంటే మన డెస్కు పడే పాట్లే బెల్‌గ్రేడ్ డెస్కూ పడుతుంది. కాకపోతే వాళ్లు చెవిని నమ్ముకున్నారు, మనం స్పెల్లింగును నమ్ముకున్నాం.

ఇక తెలుగులో రాసుకునేవాళ్లకు మాత్రమే వచ్చే పెద్ద చిక్కు 'త'నా 'ట'నా, 'ద'నా 'డ'నా అన్నది. ఇంగ్లిష్‌లో 'టి', 'డి' అని ఒక్కొక్కటే ఉంటాయి కాబట్టి ఆ కాపీ చూసి తేల్చలేం. డెస్కులో దీని మీద అయినన్ని గొడవలు పేజీ లేఅవుట్ మీద కూడా కాలేదు. నేను పాటించిన లెక్క ఇది: స్పానిష్, పోర్చుగీస్, ఫ్రెంచ్, ఇటాలియన్, పోలిష్, రష్యన్ పేర్లయితే నాలుక పళ్లకు తగులుతుంది, 'త', 'ద' రాయి. ఇంగ్లిష్, జర్మన్ పేర్లయితే 'ట', 'డ'. దీన్నిబట్టి రొనాల్దో. రొనాల్డో కాదు. మనవాళ్లు చేసింది చూడు: స్విట్జర్లాండ్ జర్మన్ పేరుకు 'ద' పెట్టి ఫెదరర్ అన్నారు, పోలిష్ పేరుకు 'ట' పెట్టి స్వైటెక్ అన్నారు. రెండూ తిరగబడ్డాయి.

రఫాకు 'ద' సరిగానే పెట్టారు గానీ దీర్ఘం తప్పిపోయింది. నాదల్ కాదు, నదాల్. స్పానిష్‌లో 'ఎల్'తో ముగిసే పేర్లకు మామూలుగా చివరి అక్షరం మీదే ఊపు. అల్కరాజ్‌కూ అంతే, బరువు 'రా' మీద. పైగా అక్కడ 'జ్' లేనే లేదు. స్పెయిన్‌లో 'జడ్' అంటే నాలుక కొస పళ్ల మధ్య పెట్టి గాలి వదిలే శబ్దం. అది మన లిపిలో లేదు. దక్షిణ అమెరికాలో స్పానిష్ మాట్లాడేవాళ్లు దాన్ని 'స్' అనేస్తారు, మనమూ అల్కరాస్ అందాం.

ఇటాలియన్ పేర్ల దగ్గర మాత్రం నాకు నిజంగా ఒళ్లు మండుతుంది. తెలుగును 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్నారని ప్రతి సభలో చెప్పుకుంటాం కదా. ఇటాలియన్‌లో ద్విత్వాన్ని మనలాగే ఒత్తి పలుకుతారు. 2021 వింబుల్డన్ ఫైనల్ ఆడిన మత్తెయో ఇంటిపేరు బెర్రెత్తీని. రెండు ఒత్తులూ స్పెల్లింగులోనే కనపడుతున్నాయి. అయినా ఒత్తులు పీకేసి 'బెరెటిని' అని రాస్తాం. ఇంగ్లిష్ వాడికి నోరు తిరగక తీసేసిన ఒత్తును మనమెందుకు తీసేయాలి?

స్పెల్లింగును నమ్ముకుంటే ఎంత దూరం వెళ్లిపోతామో చెప్పే పేరు ఒకటుంది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మిల్వాకీ బక్స్‌కు 2021లో టైటిల్ తెచ్చిపెట్టిన గ్రీకు ఆటగాడు. ఇంగ్లిష్ స్పెల్లింగు చూసి చదివితే 'జియానిస్ ఆంటెటోకౌన్ంపో' వస్తుంది. మనిషన్నవాడు పలకగలడా? అతని తల్లిదండ్రులు నైజీరియా నుంచి గ్రీస్ వెళ్లినవాళ్లు. ఇంటిపేరు యొరుబా భాషది, అదెతోకుంబో. మనకు చాలా సులువైన పేరు. అతను 1994లో ఏథెన్స్‌లో పుట్టాడు. గ్రీకులో 'ద' శబ్దానికి విడిగా అక్షరం లేదు, 'ఎన్', 'టి'లకు సమానమైన రెండక్షరాలు కలిపి రాస్తారు. 'బ'కూ లేదు, 'ఎమ్', 'పి' కలుపుతారు. అలా గ్రీకు లిపిలో పేరు పొడుగైంది. 2013లో పౌరసత్వం వచ్చాక, ఆ గ్రీకు అక్షరాలను మక్కీకి మక్కీ ఇంగ్లిష్ అక్షరాల్లోకి దించారు. 'ద' ఉన్న చోట 'ఎన్-టి', 'బ' ఉన్న చోట 'ఎమ్-పి' మిగిలిపోయాయి. అదే ఏడాది, జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో 15వ ఎంపికగా అమెరికా వెళ్లాడు, ఆ స్పెల్లింగు జెర్సీ మీదికెక్కింది. మొదటి పేరులోని 'జి-ఐ' కూడా గ్రీకులో 'య' పలకడానికి పెట్టిన జత. యానిస్ అదెతోకుంబో. అంతే. అన్ని లిపులు తిరిగొచ్చినా పేరు పలుకుబడిలో చెక్కుచెదరలేదు, చెడింది స్పెల్లింగే.

పని జరిగే మార్గం: టెన్నిస్‌లో మగవాళ్లకైతే పురుషుల టెన్నిస్ సంఘం ఏటీపీ వెబ్‌సైటులో ఆటగాడి పేజీకి వెళ్లు, చాలామంది తమ పేరును తామే పలికిన ఆడియో ఉంటుంది. అది లేకపోతే ఆ ఆటగాడి సొంత దేశంలో జరిగిన మ్యాచ్ వీడియో ఒకటి పట్టుకుని, అక్కడి వ్యాఖ్యాత ఎలా అంటున్నాడో విను. ఇంగ్లిష్ కామెంటరీ మాత్రం ప్రమాణంగా పెట్టుకోకు. విన్నాక నీ తెలుగు నోటికి ఎంత వస్తే అంత. మురిసిపోయి పోలిష్ యాస, స్పానిష్ యాస పెట్టావంటే మధ్యలో వేరే ఎవరో వచ్చి చదివినట్టుంటుంది.

వ్రొత్‌స్వాఫ్ నుంచి:

పెద్దాయన చెప్పింది కరెక్ట్. నేను పోలండ్‌లో చదువుకుంటున్నాను, మా ఊరి పేరే నా ఐడీ. వచ్చిన కొత్తలో ఇంట్లోవాళ్లకు 'రోక్లా' అని చెప్పుకునేవాణ్ని, టికెట్ మీద స్పెల్లింగ్ అలాగే ఉంటుంది మరి. ఇక్కడ 'డబ్ల్యూ' అంటే 'వ', మాట చివర్లో 'ఫ్'. అడ్డగీత ఉన్న 'ఎల్' అంటే పెదాలు గుండ్రంగా చుట్టి పలికే 'వ'. 'సి' అంటే 'త్స'.

చిన్న చేర్పు. శ్వ్యోంతెక్‌లో 'వ' కూడా ఇక్కడివాళ్ల నోట్లో 'ఫ'లా వినిపిస్తుంది, ముందున్న 'శ' వల్ల. శ్ఫ్యోంతెక్. అలాగని తెలుగులో 'ఫ' రాస్తే బాగోదు, 'వ' చాలు. మా ఊళ్లోనే పుట్టిన టెన్నిస్ ఆటగాడు హుబెర్త్ హుర్‌కాచ్. 2021 వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్లో ఫెదరర్‌ను చివరి సెట్ 6-0తో ఓడించింది ఇతనే. మన పేపర్లలో 'హుర్కాజ్' అని చూశాను. 'సి-జడ్' కలిస్తే ఇక్కడ 'చ'.

ఫుట్‌బాల్ గోల్‌కీపర్ వోయ్‌చెఖ్ ష్చెన్స్‌నీ పేరు మాత్రం మాట్లాడొద్దు. 'ఎస్-జడ్' అంటే 'ష', 'సి-జడ్' అంటే 'చ', రెండూ పక్కపక్కన. నా రూమ్మేట్‌ది వరంగల్. మన 'నిశ్చయం'లో 'శ్చ' ఉంది కదరా, దాన్ని మాట మొదట్లో పెట్టు అన్నాడు. వచ్చేసింది.

సిక్సర్‌సీను:

ఇదంతా బాగానే ఉంది గానీ, ఎంతవరకు సాగదీస్తారు సార్? వార్తలు వినేది మన రాజమండ్రి, కరీంనగర్ జనం. 'శ్వ్యోంతెక్ గెలిచింది' అంటే ఆవిడెవరు అంటారు. 'స్వైటెక్' అంటే ఓహో అంటారు. ఏళ్ల తరబడి 'డుప్లెసిస్' అన్నాం, ఎవడికీ మ్యాచ్ అర్థం కాకుండా పోలేదే. అదే టీవీలో ఉన్నట్టుండి 'డుప్లెసీ' అయ్యాడు. ఎస్ ఏమైందో తెలీదు, చెన్నై వాళ్లు దాచుకున్నారేమో.

ఇంకోటి. లండన్‌లో కామెంటేటర్ మన తిరుపతిని 'టిరుపాటి' అన్నా మనం సర్దుకుపోతాంగా. వాళ్లు మన పేర్ల కోసం ఇంత తిప్పలు పడతారా?

పాతడెస్కు:

సీనూ, నీ మొదటి పాయింటు నేను ఒప్పుకుంటాను. స్థిరపడిన పేర్లను కదపకూడదు. ఫెదరర్‌ను ఇప్పుడు ఫేడరర్ అని సంస్కరించడానికి నేను బయలుదేరను. నాదల్ కూడా రిటైరయ్యాడు, పోనివ్వు. షరపోవా సంగతీ అంతే, రష్యన్‌లో బరువు 'రా' మీద, షరాపొవా అనాలి, ఇప్పుడెవరికి చెబుతాం. నేను చెప్పేది కొత్తగా పైకొచ్చేవాళ్ల గురించి. మొదటిసారి వార్తలోకి వచ్చిన రోజున సరిగ్గా మొదలుపెడితే, నువ్వన్న కరీంనగర్ శ్రోతకు అదే అలవాటవుతుంది. ఇక స్వైటెక్ ఏ గుంపులోకి వస్తుందంటావా? ఇంకా చాలా ఏళ్లు ఆడుతుంది. ఒక వారం 'ఇగా శ్వ్యోంతెక్' అని మొదటి పేరుతో కలిపి చదివితే జనానికి తెలిసిపోతుంది. ఇగా అనేవాళ్లు ఇంకెవరూ లేరుగా.

డుప్లెసీ పేరులో 'ఎస్' ఎవరూ దాచుకోలేదు, అది ఎప్పుడూ పలకలేదు. 17వ శతాబ్దం చివర్లో మతం కోసం వేధిస్తే ఫ్రాన్స్ వదిలి దక్షిణాఫ్రికా చేరిన హ్యూగెనాట్ల పేర్లలో అదొకటి. ఫ్రెంచ్ పద్ధతిలో చివరి 'ఎస్' రాస్తారు, పలకరు. దక్షిణాఫ్రికా జట్టులోనే జెరాల్డ్ ఇంటిపేరును మనం 'కొయెట్జీ' అంటాం. వాళ్లు 'కుట్‌సీయ' అంటారు. ఎన్‌గిడి పేరైతే జులూది. మొదటి శబ్దం మన 'ఙ'. వర్ణమాలలో చిన్నప్పుడు రాసి, 'వాఙ్మయం' దగ్గర తప్ప మళ్లీ మొహం చూడని ఆ అక్షరానికి ఎన్నాళ్లకో పని దొరికింది. దాని పక్కనున్న 'ఞ' సంగతీ అంతే. 2017లో వింబుల్డన్ గెలిచిన గార్బిఞె ముగురుసా పేరులో 'ఎన్' మీద వంకర గీత ఉంటుంది చూడు, అదే ఇది.

ఇక నీ రెండో పాయింటు, వాళ్లు మన పేర్ల కోసం తిప్పలు పడతారా అన్నది. పడకపోతే ఏమవుతుందో మనం చూశాం. పుజారా యార్క్‌షైర్‌కు ఆడినప్పుడు చెతేశ్వర్ అనడం కష్టమని అక్కడ 'స్టీవ్' అని పిలిచారు. ఆ సంగతి పుజారాయే చెప్పాడు. తర్వాత ఆ క్లబ్బులో జాతివివక్ష మీద విచారణ జరిగినప్పుడు ఇదీ బయటికొచ్చింది, పెద్ద రభసైంది. చెతేశ్వర్ అనడం చేతకాకపోతే పుజారా ఉంది కదా, అందులో ఏముంది కష్టం? పేరు సరిగ్గా రాకపోవడం వేరు, నీ పేరు నాకెందుకులే అనుకోవడం వేరు. మనం రెండో రకం కాకూడదని నా బాధ.

కుడిపక్క_కోర్టు:

నేను జిల్లా, రాష్ట్ర స్థాయి బ్యాడ్మింటన్‌లో అంపైరింగ్ చేస్తాను. మాకు ఇది రోజూ ఉండే పని. మ్యాచ్ మొదలుపెట్టేముందు 'ఆన్ మై రైట్' అని పేరు పైకి చదవాలి. ఎవరు ఎవరితో ఆడాలో ఉండే డ్రా షీట్లు ఇంగ్లిష్‌లో వస్తాయి, మన పిల్లల పేర్లు కూడా. ఇంగ్లిష్‌లో గద్దె, గడ్డె ఒక్కలాగే ఉంటాయి. అందుకే టాస్ దగ్గరే అడిగేస్తాను: 'అమ్మా, ఇంటిపేరు ఒకసారి నువ్వే చెప్పు.' నేను పలికి చూపిస్తే కొందరు నవ్వుతారు, మళ్లీ చెబుతారు. షీటు మీద పెన్సిల్‌తో తెలుగులో రాసుకుంటాను. అంతకుమించి రహస్యమేం లేదు.

క్రికెటర్ హనుమ విహారి ఇంటిపేరు గాదె. బ్యాడ్మింటన్‌లో డెన్మార్క్ దిగ్గజం పీటర్ ఇంటిపేరు కూడా ఇంగ్లిష్‌లో అచ్చం అవే నాలుగక్షరాలు. 2001 ఆల్ ఇంగ్లండ్ సెమీస్‌లో గోపీచంద్ చేతిలో ఓడింది ఆయనే. మనవాళ్లు 'గేడ్' అని స్థిరపరిచారు. డేన్లు అనేది వింటే దాదాపు 'గేద' అని వినిపిస్తుంది. మన గేదెకు చాలా దగ్గర. గట్టిగా అనకండి.

అంతర్జాతీయ బోర్డుల మీద ఒక సౌకర్యం ఉంది. ఇంటిపేరును పెద్ద అక్షరాల్లో వేస్తారు. మన సింధు పేరు కూడా 'పూసర్ల వి. సింధు' అని, పూసర్ల పెద్దక్షరాల్లో ఉంటుంది. ఇంగ్లిష్‌లో 'పు'కీ 'పూ'కీ తేడా కనపడదు కాబట్టి బయటి అంపైర్ల నోట్లో 'పుసర్ల' అవుతుంది. చైనా వాళ్ల పేర్లలోనూ పెద్దక్షరాల్లో ఉన్నది ఇంటిపేరే, వాళ్లకు మనలాగే అది ముందొస్తుంది.

చైనా పేర్లకు కొన్ని చిట్కాలు, తొలిసర్వ్ గారికి పనికొస్తాయి. 'క్యూ' కనపడితే 'క' అనకండి, 'ఛ' అనండి. పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ స్వర్ణం గెలిచిన అమ్మాయి జంగ్ ఛిన్‌వెన్. 'కిన్‌వెన్', 'క్విన్‌వెన్' రెండూ కాదు. షి యూఛీ కూడా అంతే. 'ఎక్స్' అంటే 'శ'. పారిస్‌లో సింధును ఓడించిన అమ్మాయి ఇంటిపేరు 'హెచ్-ఇ' అని ఉంటుంది. అది 'హీ' కాదు, 'హ': హ బింగ్‌జ్యావ్.

తైవాన్ క్రీడాకారిణి తై పేరులో 'టి-జడ్-యు' చూసి జడుసుకోవద్దు. మనం 'జుట్టు' అన్నప్పుడు వచ్చే 'జు'కు దగ్గర, 'జీడి'లో 'జ' కాదు. ఈ రెండు 'జ'లనూ మనం తెలియకుండానే వేర్వేరుగా పలుకుతాం. 'చాప'లో 'చ' కూడా అలాంటిదే, 'చీమ'లో 'చ'తో పోల్చి చూసుకోండి.

తొలిసర్వ్:

అందరికీ చాలా థ్యాంక్స్. పాతడెస్కు గారూ, మీరు చెప్పినట్టు ఏటీపీ సైట్లో ఆడియోలు వింటూ కూర్చున్నాను, తమ్ముడు కూడా పక్కన చేరాడు. వాడికి పోలిష్ పేర్ల మీద ఒక్కసారిగా ధైర్యం వచ్చేసింది. లివర్‌పూల్ మిడ్‌ఫీల్డర్ డొమినిక్ ఇంటిపేరును 'షొబొష్లాయ్' అంటున్నాడు, 'ఎస్-జడ్ అంటే ష అని అక్కడ రాశారుగా' అని. అదొకటి చెప్పండి. రెండోది, ఇవన్నీ స్క్రిప్టులో ఎలా రాసుకోమంటారు? మైకు ముందు 'శ్వ్యోం' చూస్తే ఆగిపోతానేమోనని భయంగా ఉంది.

పాతడెస్కు:

తమ్ముడికి చెప్పు, అతను హంగేరీవాడు. పోలిష్‌లో 'ఎస్-జడ్' అంటే 'ష'. హంగేరియన్‌లో అవే రెండక్షరాలు 'స'. ఉత్త 'ఎస్' ఒక్కటే ఉంటే అక్కడ 'ష'. సరిగ్గా తలకిందులు. కాబట్టి సొబొస్లొయ్. హంగేరియన్‌లో ఎప్పుడూ మొదటి అక్షరం మీదే బరువు, 'సొ' ఒత్తి మిగతాది తేలిగ్గా వదిలేయాలి.

స్క్రిప్టు విషయానికొస్తే, శుద్ధంగా రాయాలని పెట్టుకోకు. నీ ఒక్కదానికే అర్థమైతే చాలు. 'ష్యోన్ - తెక్' అని మధ్యలో ఖాళీ ఇచ్చి రాసుకో, ఒత్తాల్సిన ముక్క కింద గీత కొట్టు. ఆ పేరున్న వాక్యాన్ని పేరుతో మొదలుపెట్టకు. 'మహిళల సింగిల్స్‌లో' అనో 'పోలండ్‌కు చెందిన' అనో ఒక మాట ముందు పెట్టుకుంటే నోరు సర్దుకుంటుంది. కొత్త పేర్లు రెండు ఒకే వాక్యంలో వస్తే విడగొట్టి రెండు వాక్యాలు చెయ్యి.

హంగేరీవాళ్లూ ఇంటిపేరు ముందు చెబుతారు. సొబొస్లొయ్ డొమినిక్ అని. మన కోనేరు హంపి, కిడాంబి శ్రీకాంత్ వరుసే. లివర్‌పూల్ వార్తలో ఎలాగూ తిరగేసి వస్తుంది, హంగేరీ జట్టు వార్త చదివే రోజున కావాలంటే వాళ్ల వరుసలోనే చదువు, తెలుగు చెవికి అదేం ఎబ్బెట్టుగా ఉండదు.